వేలాడే ఇనుము

జూన్ 9

అది మామూలు పొద్దే. ప్రత్యేకంగా ఏమీ జరగలేదు కాబట్టి ఒక్కో ముక్కా వెతికి తెచ్చుకోవాల్సి వస్తోంది.

చలికాలం చివర. నేను ప్రార్థన ముగించి వంటగదిలోకి వచ్చేసరికి చిన్నోడు వెనక మెట్టు మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు. నలభై దాటిన మనిషి, నోటి నిండా నురగ. "అక్కా, దేవుడేమన్నాడు?" అన్నాడు. రోజూ అడిగే మాటే. "నిన్ను ముందు మొహం కడుక్కోమన్నాడు" అన్నాను. రోజూ చెప్పే మాటే. టీకి పాలు తక్కువయ్యాయి. నా గ్లాసులో నీళ్ళు కలుపుకుంటుంటే చూసి, వాడి గ్లాసులోది సగం నా గ్లాసులోకి వొంపి వెళ్ళిపోయాడు.

పెద్దోడు అప్పటికే షెడ్డులో ఉన్నాడు. ఇంటి వెనక తలుపు తీస్తే ఇనుము కరిగించి పోసే మా పోత షెడ్డే. ఫర్నేసు అందుకుందంటే ఆ హోరుకి గూట్లో గ్లాసులు సన్నగా వణుకుతాయి. పెద్ద మరదలు అందరి పని బట్టలూ దులిపి తీగ మీద వేసింది. చిన్న మరదలు ముందురోజు ఆరబెట్టిన ఇసుక కోర్లని, పోతలో చిల్లు రావడానికి అచ్చులో పెట్టే ముద్దల్ని, పలక మీద పేర్చుకుని, నిద్రపోతున్న పిల్లల్ని మోస్తున్నట్టు అడుగులో అడుగేసుకుంటూ షెడ్డులోకి నడిచింది. "తప్పుకోండి, తప్పుకోండి" అంటూ చిన్నోడు ఆవిడ ముందు నడిచాడు. "అడ్డమంతా నువ్వే" అంది.

ఆ రోజు కొత్త అచ్చు. కప్పీని దూలానికి వేలాడదీసే బ్రాకెట్లు. కొత్త అచ్చుకి మొదటి గరిటె ఇనుము పోసేటప్పుడు అమ్మ ఎదురుగా ఉండాలి. ఆ గరిటె ఫర్నేసులోకి వెనక్కి వొంపకూడదు. మర్నాడు మొదటి ముక్కని అమ్మ సుత్తితో కొట్టి, మోత విని "పలికింది" అనాలి. అప్పుడే సరుకు గడప దాటాలి. ఇదంతా నాన్న పెట్టిన పద్ధతి.

ఫర్నేసు దగ్గర పెద్దోడు, గరిటె దగ్గర చిన్నోడు. గరిటె అడుగున మెగ్నీషియం గడ్డలు వేసి ఉంచారు. వాటి మీద ఇనుము పడగానే తెల్లటి మెరుపు లేచి షెడ్డులోని మొహాలన్నీ ఒక్కసారి కనిపిస్తాయి. తర్వాత పొగ. పైన తేలిన చిట్టెం తీశారు. అమ్మ వచ్చింది. పోశారు.

మర్నాడు అమ్మ కొట్టింది. పలికింది.

ఆ మొదటి ముక్కని చిన్నోడు బయటికి పంపలేదు. "అమ్మ పలికించింది, ఇది మనకే" అని మా షెడ్డు దూలానికే బిగించాడు. చలి పోయి ఎండలు వచ్చేదాకా అది బరువులు మోసింది. పోయిన మంగళవారం అచ్చుపెట్టెని ఎత్తుతుంటే రెండు ముక్కలైంది. పెట్టె కింద చిన్నోడు ఉన్నాడు.

నొప్పి తెలిసి ఉండదని డాక్టరు అన్నాడు. అలాగే అనుకుంటాను.


జూన్ 10

ప్రార్థనకి కూర్చున్నాను. మాట రాలేదు. లేచాను.


జూన్ 12

వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. కుర్చీలు పక్కింటివాళ్ళకి తిరిగి ఇచ్చేశాం. పోలీసులు ప్రమాదం అని రాసుకుని వెళ్ళారు.

పెద్దోడు విరిగిన ముక్కల్ని గోనెసంచి మీద పెట్టుకుని షెడ్డులో కింద కూర్చున్నాడు. టీ తీసుకెళ్ళాను. తాగలేదు. విరిగిన చోట వేలితో రాశాడు. వేలు నల్లబడింది, పెన్సిలు మొన మీద రుద్దినట్టు. నాకు చూపించలేదు, కానీ చూశాను. ఆ వేలిని వెంటనే ప్యాంటుకి తుడిచేసుకున్నాడు.

"మెగ్నీషియం పాతదయి ఉంటుందక్కా" అన్నాడు. "పొట్లాలకి తడి తగిలిందేమో."

పాతదే అయి ఉంటుంది. వానాకాలం నుంచీ ఆ మూల తడిగానే ఉంది.

ఒక సగాన్ని సంచిలో చుట్టి పరీక్షకి పంపాడు. రెండో సగం షెడ్డు గూట్లో పెట్టాడు.


జూన్ 13

పొట్లాలు చూశాను. తడి లేదు. పైపొట్లాలు కదా. అడుగువి తడిసి ఉంటాయి.


జూన్ 15

అమ్మ గురించి రాయాలి.

అమ్మకి వినపడదు. కొన్నేళ్ళుగా. ఈ మాట మా ఇంట్లో ఎవరూ పైకి అనరు. అనకూడదని చిన్నోడు మా అందరి దగ్గరా మాట తీసుకున్నాడు. "ఇనుము మోత విని మంచీచెడూ చెప్పిన మనిషి అక్కా, ఆవిడకి చెవుడని మనం చెబుతామా" అన్నాడు. వాడికొక ఉపాయం ఉండేది. అన్నం దగ్గర పెద్ద మరదలు ఏదో అంటుంది. వాడు అమ్మ వైపు తిరిగి, ఒప్పుకుంటున్నవాడిలా, గట్టిగా, "అవును, వదిన అన్నట్టు ఈసారి ఎండ ముందే వచ్చింది" అంటాడు. నేనేదో అంటాను. "అక్క చెప్పింది నిజమే, ఆ కుళాయి మార్చాల్సిందే." అలా ఇంట్లో ప్రతి మాటా వాడి నోటి మీదుగా రెండోసారి నడిచి అమ్మకి చేరేది. కొత్తగా వచ్చినవాళ్ళు వీడు ప్రతిదానికీ తల ఊపే మనిషనుకునేవాళ్ళు. పెద్దోడు వెక్కిరించేవాడు. "ఒరే, నీకంటూ ఒక మాట ఉందా అసలు?" "నువ్వన్నట్టు, లేదన్నయ్యా" అనేవాడు, అదీ గట్టిగానే. అమ్మ నవ్వేది.

ఇప్పుడు అన్నం దగ్గర మేం మాట్లాడుకుంటాం. అమ్మ ఒక మొహం నుంచి ఇంకో మొహానికి చూస్తూ ఉంటుంది. ఎవరూ రెండోసారి అనరు.

ఇవాళ నేను ప్రయత్నించాను. "మరదలు అన్నట్టు..." అని మొదలుపెట్టాను. ముద్ద కంచంలో పెట్టేశాను. అమ్మ నా చేతి మీద చెయ్యి వేసి, "తిను" అంది.


జూన్ 16

ప్రార్థనలో అడగడానికి ఏమీ లేదు. అడిగేవాళ్ళు ఉన్నప్పుడు తెలిసేది కాదు. "దేవుడేమన్నాడు?"

ఏమీ అనలేదురా.


జూన్ 18

కప్పీలు తయారుచేసి అమ్మే ఆయన ఫోన్ చేశాడు. ఆ బ్రాకెట్లన్నీ కొన్నది ఆయనే. కప్పీలకి బిగించి మెకానిక్ షెడ్లకి పంపుతాడు. వాళ్ళు ఇంజన్లు ఎత్తుతారు. ఇంజన్ వేలాడుతుంటే కింద దూరి పని చేస్తారు.

పెద్దోడు స్నానానికి వెళ్ళాడు, నేను ఎత్తాను. మా ఇంట్లో జరిగింది విన్నానని, చాలా బాధపడ్డానని అన్నాడు. మంచి మనిషి. ప్రమాదం ఎలా జరిగిందని అడగలేదు. చివర్లో మొహమాటపడుతూ, "తొందరేం లేదమ్మా, మీరు తేరుకున్నాకే... ఆ బ్రాకెట్లు అందరికీ నచ్చాయి. వీలైనప్పుడు ఇంకో బ్యాచి పోయమని చెప్పండి" అన్నాడు.

చెబుతానన్నాను.

చెప్పాను. పెద్దోడు తువ్వాలు తల మీద అలాగే ఉంచుకుని షెడ్డులోకి వెళ్ళిపోయాడు.


జూన్ 20

పరీక్ష ల్యాబు. మెట్లెక్కితే పొడుగాటి వరండా, చివర గది. పెద్దోడు ఒక్కడే వెళతానన్నాడు. నేనూ వెళ్ళాను. ల్యాబులో ఆవిడ నా వయసుదే. మాకు ముందు కుర్చీలు చూపించి, మంచినీళ్ళు ఇచ్చి, ఆ తర్వాతే కాయితాలు తెరిచింది. ఇలా ఎందరికి చెప్పి ఉంటుందో.

రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టింది. ఇనుముని అద్దంలా నునుపు చేసి సూక్ష్మదర్శినిలో తీసినవి. ఒకదానిలో తెల్లటి నేల మీద నల్లటి పూసలు చల్లినట్టుంది. ఇంకోదానిలో ఎండిన గడ్డిపోచలు పరిచినట్టుంది, ఒకదాన్నొకటి తాకుతూ.

"ఈ నల్లటిది గ్రాఫైటు. పెన్సిల్లో ఉండేదే" అంది. "పోత ఇనుములో కార్బన్ ఎక్కువ ఉంటుంది కదా, చల్లారేటప్పుడు అది ఇలా విడిపోతుంది. పూసల్లా విడిపోతే ముక్క గట్టిగా ఉంటుంది. బరువు మించితే వంగుతుంది. వంగిందంటే మనకి ముందే చెప్పినట్టు. ఇలా రేకుల్లా విడిపోతే చెప్పదు. ప్రతి రేకూ ఇనుము లోపల ముందే పడ్డ పగులు కిందే లెక్క. రోజూ బరువు పడుతుంటే ఆ పగుళ్ళు చేతులు కలుపుకుంటాయి."

"మాది ఏది?" అన్నాను. తెలిసే అడిగాను.

గడ్డిపోచల ఫొటో నా వైపు జరిపింది.

పూసలు కావాలంటే మెగ్నీషియం వేయాలట. వేశారు. ఉంది కూడా, కానీ ఉండాల్సినంత లేదట. "అది కరిగిన ఇనుములో నిలవదండి. వేసిన వెంటనే పోసేయాలి. ఆగేకొద్దీ ఆవిరైపోతుంది. పైకి చూస్తే ఏ తేడా తెలీదు, అదే వెలుగు, అదే పారుదల." పెద్దోడి వైపు చూసింది. "పోసేముందు ఎక్కడైనా ఆగారా?"

"లేదు" అన్నాడు.

నేను కిటికీ వైపు చూశాను. బయట ఎవరో తెల్లకోట్లు ఉతికి ఆరేశారు.

వచ్చేటప్పుడు బస్సులో పెద్దోడు ఒక్క మాట అన్నాడు. "నాన్న రోజుల్లో అయితే ఏమీ అయ్యేది కాదక్కా." నిజమే. నాన్న పోసిందంతా రేకుల ఇనుమే. మురుగు కాలవల మూతలు, పొయ్యి పలకలు, యంత్రాల దిమ్మలు. వాటికి రేకులుంటే తప్పు లేదు. ఎంతసేపు ఆగి పోసినా ఇనుమేమీ మారదు. "నాన్నది కూర్చునే ఇనుము, అన్నయ్యది వేలాడే ఇనుము" అనేవాడు చిన్నోడు. ఇనుము మార్చాం. పద్ధతి మార్చలేదు.


జూన్ 21

అమ్మ రావడానికి కొంచెం ఆలస్యమైంది ఆ రోజు. కొంచెమే.


జూన్ 22

కొంచెం కాదు.

అమ్మ మోకాలి పట్టీ బకిలు పట్టలేదు. నేను కింద కూర్చుని కడుతున్నాను. అమ్మ శాలువా మార్చుకుంటానంది. మంచి శాలువా పెట్టె అడుగున ఉంది. తీశాను. షెడ్డులో మెరుపు మెరిసింది. తలుపు సందులోంచి గోడ మీద పడింది, నేను చూశాను. అమ్మా చూసింది. "వాళ్ళు వేసేశారు, పద పద" అంది. పద పద అంటే అమ్మ నడక ఎంత. వెనక మెట్ల దగ్గర ఆగింది. నా భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది.

లోపల పెద్దోడు "పోసేద్దాంరా" అంటున్నాడు. అది వినపడింది. చిన్నోడు "అదిగో వస్తోంది అన్నయ్యా, వచ్చేసింది" అంటున్నాడు. మేం గుమ్మంలోకి వచ్చేసరికి గరిటె పైనున్న పట్టాకి వేలాడుతోంది, వాడు పిడి పట్టుకుని నిలబడ్డాడు, మొహం ఎర్రగా, చెమట. పెద్దోడు, "ఇది వెనక్కి వొంపి మళ్ళీ మెగ్నీషియం వేసుకుందాం" అన్నాడు. "మొదటి గరిటె వెనక్కా? అమ్మ ముందా?" అన్నాడు చిన్నోడు. నవ్వుతూనే అన్నాడు. అమ్మకి వినపడలేదు. వాళ్ళిద్దరూ దేనికో నవ్వుకుంటున్నారనుకుని తనూ నవ్వింది.

అప్పుడు పోశారు. ఇనుము అందంగా పారింది. అదే వెలుగు.


జూన్ 23

ఎవరి మీదా కోపం రావడం లేదు. వస్తే బాగుండేది.


జూన్ 25

పెద్దోడు రిపోర్టు తీసి బీరువాలో పెట్టాడు. "ఇంట్లోనే ఉండనీ" అన్నాడు. అమ్మ పడుకుని ఉంది. నేను, ఇద్దరు మరదళ్ళు వంటగదిలో ఉన్నాం.

చిన్న మరదలు గిన్నెలు కడుగుతోంది. వెనక్కి తిరక్కుండా, "మిగతావో?" అంది.

"ఏం మిగతావి?"

"ఆ గరిటెలోవే ఇంకా ఉన్నాయిగా బావగారూ. నేనే కోర్లు పెట్టాను. ఏ పెట్టెల్లో పోశారో నాకు తెలుసు. అన్నీ ఆ కప్పీల ఆయనకే పంపారు."

పెద్దోడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "తర్వాత పోసిన గరిటెలు మంచివే. అన్నీ కలిపి పంపేశాం. ఏది ఏదో విడదీయలేం. అన్నీ వెనక్కి తెప్పించాలంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్పాలి. చెబితే ఈ షెడ్డు గడప మళ్ళీ ఎవడూ తొక్కడు. అది నేను పడతాను, సరే. కానీ ఎందుకు ఆగామని అడుగుతారు. ఎవరి కోసం ఆగామని అడుగుతారు. ఆ మాట అమ్మ చెవిన పడితే?"

"అత్తయ్య చెవిన ఏదీ పడదుగా" అంది చిన్న మరదలు. "పడి ఉంటే ఇదంతా ఎందుకు."

పెద్ద మరదలు "చెల్లీ" అంది. అంతే అంది.

కుళాయి నీళ్ళు పోతూనే ఉన్నాయి. చిన్న మరదలు కట్టలేదు. "ఎక్కడో ఒక మనిషి ఇంజన్ కింద దూరి ఉంటాడు" అంది. "వాడికీ ఇంట్లో ఒకత్తి ఉంటుంది. నేనొక్కదాన్ని చాలనా?"

పెద్దోడు లేచి వెళ్ళిపోయాడు. నేను కుళాయి కట్టాను. మరదలి తడి చేతులు నా చేతుల్లోకి తీసుకున్నాను. వేళ్ళ సందుల్లో ఇంకా సన్నటి ఇసుక. ఈ మూడు వారాల్లో షెడ్డులోకి వెళ్ళలేదు. అది ఎప్పటి ఇసుకో.

"వదినా, మీరు చెప్పండి" అంది. "మీ మాట కాదనరు."

ప్రార్థన చేసి చెబుతానన్నాను. నన్ను చూసింది. చేతులు వెనక్కి తీసుకుంది.


జూన్ 26

చేశాను. వినపడింది నా గొంతే.


జూన్ 27

ఇది కూడా రాసేస్తాను.

పోసిన మర్నాడు అచ్చులు పగలగొట్టారు. మొదటి బ్రాకెట్ని చిన్నోడు ఇసుక దులిపి, తాడుతో కట్టి పట్టుకున్నాడు. అమ్మ స్టూలు మీద కూర్చుంది. నాన్న చిన్న సుత్తి, పిడి మధ్యలో అరిగి సన్నబడింది, అది అమ్మ చేతికిచ్చాను. అమ్మ కొట్టింది.

మంచి ముక్కయితే గుడిగంటలా, లోటా మీద చెంచా తగిలినట్టు, చాలాసేపు మోగుతుంది. పూసలు మోతని పోనిస్తాయి, రేకులు మింగేస్తాయి. ఇది మొన్న ల్యాబులో ఆవిడ చెప్పింది. చెప్పక్కర్లేదు. నాన్న ఇనుము ఇంతసేపు మోగకపోయినా, మంచి ముక్కకీ పగులు ముక్కకీ మోతలో తేడా మా ఇంట్లో పుట్టినవాళ్ళకి తెలుసు. చిన్నప్పుడు చిన్నోడు చెంచాతో అందరి తలలూ కొట్టేవాడు. "అక్క బుర్ర పలికింది. అన్నయ్యది చెడ్డ పోత."

ఆ రోజు అది మోగలేదు. తలుపు చెక్క మీద కొట్టినట్టు ఒక దెబ్బ, అయిపోయింది.

చిన్నోడు తాడు పట్టుకుని అమ్మ మొహంలోకి చూస్తున్నాడు. చిన్నపిల్లాడు మార్కుల కాయితం చూపించి నిలబడ్డట్టు. అమ్మ వాడిని చూసింది.

"పలికింది" అంది.

వాడు "పలికింది" అన్నాడు, గట్టిగా, ఎప్పట్లాగే.

మేమంతా అక్కడే ఉన్నాం. అందరికీ చెవులున్నాయి. పెద్దోడు ఇసుక వైపు చూశాడు. మామూలుగా అయితే అమ్మ లోపలికి వెళ్ళాక వాడు ఇంకోసారి అన్నీ కొట్టి చూసుకునేవాడు, అమ్మకి తెలియకుండా. ఆ రోజు అమ్మ వెళ్ళలేదు. చాలా సంతోషంగా ఉంది. మంచి శాలువా కప్పుకుని, సరుకు వ్యానులోకి ఎక్కేదాకా ఆ స్టూలు మీదే కూర్చుంది. ఆవిడ కళ్ళ ముందు మళ్ళీ సుత్తి ఎలా తీస్తాడు. నేనయినా ఎలా తియ్యమంటాను.

జాలిపడ్డాం. ఇంకేమీ చెయ్యలేదు మేం.


జూన్ 28

పొద్దున అమ్మకి చేతులు కడగడానికి నీళ్ళు పోస్తే నల్లగా దిగింది. కుడిచేతి వేళ్ళ మొనలు. సబ్బు పెట్టినా గోళ్ళ సందుల్లో ఉండిపోయింది. ఎక్కడిదమ్మా అని అడగలేదు. వెనక తలుపు గొళ్ళెం తీసి ఉంది. గూట్లో ఉండాల్సిన సగం ముక్క షెడ్డులో స్టూలు మీద ఉంది.

మోకాలి పట్టీ లేకుండా, ఎవరి భుజం లేకుండా, ఆ మెట్లు ఎలా దిగిందో.

పగలంతా మంచం మీద కూర్చునే ఉంది. సాయంత్రం పెద్దోడు రాగానే, "అందరినీ పిలువు" అని నాతో అంది. ముందు గదిలో కూర్చున్నాం. చిన్న మరదలు గుమ్మం దగ్గరే నిలబడింది. అమ్మ ఆవిడని పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"పెద్దోడా, మిగతావి ఎక్కడున్నాయి?" అంది.

పెద్దోడు అర్థం కానట్టు చూశాడు. "ఏవమ్మా?"

"గట్టిగా చెప్పు. నాకు వినపడదు."

ఆ మాట అమ్మ నోటి నుంచి రావడం అదే మొదటిసారి.

"వినపడదు" అంది అమ్మ మళ్ళీ. "మీకు తెలుసు. మీకు తెలుసని నాకూ తెలుసు. వాడు అందరి మాటలూ మళ్ళీ చెబుతుంటే, పోనీలే, వాడికదో సరదా అని ఊరుకున్నాను. ఆ రోజు కొట్టినప్పుడు చేతికి దెబ్బ తెలిసింది గానీ మోత తెలియలేదు. ఉంటే ఉంటుందిలే, నాకు వినపడక గానీ అనుకున్నాను. వాడేమో నా మొహంలోకి చూస్తున్నాడు. కాదని ఎలా అంటాను. పలికింది అన్నాను."

పెద్దోడు నేల మీదికి జారి అమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "అమ్మా, తప్పు నాది. వాడు ఆగుదామన్నాడు, నేను ఆగాను. నేను వొంపేయాల్సింది." గట్టిగానే చెప్పాడు. ఆ గొంతు విని వీధిలో వెళ్ళే మనిషి ఎవరో ఒక్కక్షణం ఆగి వెళ్ళాడు.

అమ్మ వాడి తల మీద చెయ్యి పెట్టింది. ఆ నల్ల వేళ్ళతోనే. "నేను అడిగింది అది కాదు నాన్నా. మిగతావి ఎక్కడున్నాయి?"

వాడు చెప్పాడు. చెప్పలేకపోయిన చోట చిన్న మరదలు, అమ్మ చెవి దగ్గరికి వొంగి, ఒప్పుకుంటున్నదానిలా చెప్పింది. "అవునత్తయ్యా, బావగారు అన్నట్టు, ఇంజన్లు ఎత్తేవాళ్ళ దగ్గర ఉన్నాయి."

నేను లేచి వంటగదిలోకి వెళ్ళి కాసేపు గోడ పట్టుకుని నిలబడి వచ్చాను.

ఏం చేద్దామని నన్ను అడిగారు. నేను ప్రార్థన మాట ఎత్తలేదు. ఫోన్ తెచ్చి పెద్దోడి చేతికిచ్చాను.

మా ఇంట్లో ఇవాళ సాయంత్రం తేల్చుకున్నది ఇది. కప్పీల ఆయనకి అప్పుడే ఫోన్ చేశాం. ఆయన ముందు నమ్మలేదు, తర్వాత ఒక్కో షెడ్డుకీ ఇప్పుడే ఫోన్ చేసి కప్పీలు దింపించేస్తానన్నాడు. మంచివీ చెడ్డవీ అన్నీ వెనక్కి తెప్పిస్తాం. ఎందుకని ఎవరడిగినా, పోత ఆగిందని, ఆపింది మేమేనని చెబుతాం. ఎవరి కోసమో అడిగితే నా కోసమని చెప్పమంది అమ్మ. దానికి పెద్దోడు ఒప్పుకోలేదు. అమ్మ వినిపించుకోలేదు. ఆ రిపోర్టు పెద్ద మరదలు బీరువాలోంచి తీసి బల్ల మీద పెట్టింది, అక్కడే ఉంటుంది. అన్నీ వచ్చి, చెడ్డవన్నీ ముక్కలై ఫర్నేసులో పడేదాకా కొత్త అచ్చు పెట్టం. పెట్టిన రోజు మొదటి గరిటెకి ఎవరూ ఉండక్కర్లేదు. ఇక ఎవరి కోసమూ ఆగకూడదు.

వచ్చిన ప్రతి బ్రాకెట్నీ తాడుకి కట్టి కొట్టి చూడాలి. నాన్న సుత్తి నా చేత తెప్పించుకుని అమ్మ దాన్ని చిన్న మరదలి చేతిలో పెట్టింది. మోగితే మోగిందని చెప్పు, మోగకపోతే మోగలేదని చెప్పు అంది. కొట్టేటప్పుడు ఎవరి మొహమూ చూడొద్దంది.